బెంగళూరులో కర్రీ పాయింట్ నడుపుతున్నారా? కవర్ల నుంచి స్టీలు డబ్బాలకు మారే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మారతహళ్లి, మున్నేకొళాల, కుందలహళ్లి గేటు చుట్టుపక్కల సాయంత్రం ఏడున్నరకి ఏ సందులోకి వెళ్లినా ఒక కర్రీ పాయింట్ కనిపిస్తుంది, దాని ముందు పీజీల్లో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో, ఉండే పిల్లలు నిలబడి ఉంటారు, "అక్కా, పప్పొకటి, దొండకాయ వేపుడొకటి, సాంబారొకటి, పెరుగొకటి" అంటారు, నాలుగూ నాలుగు కవర్లలో పోసి రబ్బరుబ్యాండు వేసి, వాటన్నిటినీ ఇంకో కవర్లో పెట్టి చేతికిస్తాం. ఒక్క మనిషి రాత్రి భోజనానికి ఐదు కవర్లు. మా కొట్టుకి రోజూ నూట ఇరవై మంది దాకా వస్తారు, అంటే కవర్లతోనే నడిపిన రోజుల్లో ఆరు వందల కవర్లు, ఒక్కోటీ అరగంట కూడా వాడకుండానే చెత్తలోకి.

నేను, మా ఆయన కందుకూరు నుంచి వచ్చి ఈ కొట్టు పెట్టి తొమ్మిదేళ్లయింది. అందులో ఏడేళ్లు కవర్లతోనే నడిపాం, రెండేళ్ల నుంచి మెల్లమెల్లగా మానేస్తున్నాం. కర్రీ పాయింట్లు, మెస్సులు, ఇంట్లో వండి పంపేవాళ్లు, పచ్చళ్లు అమ్మేవాళ్లు చాలామంది "ఎలా చేశావు" అని అడుగుతున్నారు, అందరికీ ఒకచోట చెబుదామని ఇది రాస్తున్నాను. ఒక్కమాట ముందే చెప్పేస్తాను: కవరు బదులు ఇంకేం కొనాలా అని వెతికినన్నాళ్లూ డబ్బు పోయింది, టెన్షన్ పోలేదు. ఇచ్చిన డబ్బా మళ్లీ నా దగ్గరికి ఎలా వస్తుంది అని ఆలోచించడం మొదలుపెట్టాకే లెక్క కుదిరింది.

ముందు రూల్స్ సంగతి, ఎందుకంటే ఇక్కడే అందరూ పొరబడతారు

బెంగళూరులో మనకి రెండు రకాల రూల్స్ వర్తిస్తాయి, ఒకటి కేంద్రానిది, ఇంకోటి కర్ణాటకది.

కేంద్రం 2016లో ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది, 2021 ఆగస్టు 12న వాటిని సవరించింది. ఆ సవరణ ప్రకారం 2022 జులై 1 నుంచి కొన్ని వస్తువులు తయారు చేయడం, నిల్వ ఉంచడం, అమ్మడం, వాడడం అన్నీ నిషేధం. మన వ్యాపారానికి సంబంధించినవి చెబుతాను: ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, కప్పులు, స్పూన్లు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు, స్వీటు బాక్సుల చుట్టూ చుట్టే పల్చటి ఫిల్మ్, 100 మైక్రాన్లకన్నా పల్చటి ప్లాస్టిక్ బ్యానర్లు, అలంకరణకి వాడే థర్మోకోల్. చేతి సంచుల విషయంలో మాత్రం మందం లెక్క పెట్టింది: 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఈ 120 అంకె పట్టుకునే చాలామంది "అక్కా, నా కవరు మందంగానే ఉంది, నాకేం భయం" అంటారు. అది మన ఊళ్లో చెల్లదండీ. కర్ణాటక ప్రభుత్వం అంతకన్నా చాలా ముందే, 2016 మార్చి 11న, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద విడిగా ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ప్లాస్టిక్ చేతి సంచులు, ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, ఫ్లెక్సులు, క్లింగ్ ఫిల్మ్ (గిన్నెలకి చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర), భోజనాల బల్ల మీద పరిచే ప్లాస్టిక్ షీటు, ఇవన్నీ మందంతో సంబంధం లేకుండా నిషేధం. పాల ప్యాకెట్లకీ, నర్సరీ మొక్కల సంచులకీ, ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో భాగంగా సీలయ్యే వాటికీ మినహాయింపు ఉంది, కొట్లో మనం కూర పోసి ఇచ్చే కవరుకి లేదు. కాబట్టి మైక్రాన్ మీటరు తెప్పించి కొలుచుకుంటూ కూర్చోకండి.

కొట్లో ఉన్నదంతా నేల మీద పరచండి

ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక అల్మరాలో, అటక మీద, కౌంటరు కింద ఉన్న ప్యాకింగ్ సామాను మొత్తం తీసి నేల మీద పరచండి. మేం పరిచినప్పుడు పద్నాలుగు రకాలు తేలాయి, సగం ఎప్పుడు కొన్నామో కూడా గుర్తు లేదు. మూడు కుప్పలు పెట్టండి.

మొదటి కుప్ప వెంటనే ఆపేయాల్సినవి: చేతి కవర్లు, ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, థర్మోకోల్ ప్లేట్లు, క్లింగ్ ఫిల్మ్. టిఫిన్లు కూడా పెట్టేవాళ్లయితే ఇడ్లీ ప్లేట్లలో వేసే ప్లాస్టిక్ షీటు కూడా ఇందులోకే వస్తుంది. 2025 ఫిబ్రవరి చివర్లో కర్ణాటక ఆరోగ్య శాఖ హోటళ్లలో ఆ షీట్లని నిషేధించింది, ఆవిరి వేడికి ప్లాస్టిక్‌లోంచి ఏం దిగుతుందో అన్న భయంతో. మన అమ్మలు తడిగుడ్డ మీదే పోశారు, ఇప్పుడూ గుడ్డే వాడండి, రోజూ ఉడకబెట్టి ఆరేయండి.

రెండో కుప్ప: నిషేధం జాబితాలో పేరుపెట్టి లేకపోయినా పారేసేవే అయిన సామాను. మూతతో వచ్చే తెల్ల, నల్ల పార్శిల్ డబ్బాలు, అల్యూమినియం ఫాయిల్ కవర్లు, పేపర్ కప్పులు. పేపర్ కప్పు లోపల గోటితో గీకి చూడండి, సన్నటి పొర లేస్తుంది, అది ప్లాస్టిక్ పూత. వీటిని ఒక్కరోజులో మానలేం, ఆరు నెలల్లో తగ్గించేలా తేదీ వేసుకోండి.

మూడో కుప్ప ఉంచుకునేవి. మాకు ఈ కుప్పలో మిగిలింది అరటాకులు, కాగితపు సంచులు, పాత స్టీలు క్యారేజీలు రెండు, అంతే.

సప్లయర్ చెప్పింది నమ్మి కొనకండి

నేను మోసపోయింది ఇక్కడే. రెండేళ్ల కిందట ఒక సప్లయర్ వచ్చి ఆకుపచ్చ రంగు కవర్లు చూపించి "ఇవి బయో మేడమ్, మట్టిలో కలిసిపోతాయి, ఎవరూ ఏం అనరు" అన్నాడు. మామూలు కవరుకి మూడింతల రేటు పెట్టి నెలకి సరిపడా కొన్నాను. పది రోజులకి తనిఖీకి వచ్చినవాళ్లు కవరు తిప్పి చూసి "సర్టిఫికెట్ నంబరు ఏదీ" అన్నారు. దాని మీద ఆకు బొమ్మ ఉంది, భూగోళం బొమ్మ ఉంది, నంబరు లేదు. మొత్తం పట్టుకుపోయారు, జరిమానా వేశారు. ఆ రాత్రి కొట్టు మూసి ఇంటికి వెళ్తుంటే ఏడుపు ఆగలేదు, మంచి పని చేద్దామనే కదా ఎక్కువ డబ్బు పెట్టాను.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. కంపోస్టబుల్ కవర్లకి, అంటే కంపోస్టు ఎరువులో కలిసిపోయే రకానికి, కేంద్ర నిబంధనల్లో మందం నుంచి మినహాయింపు ఉన్నమాట నిజం, కానీ అవి ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణానికి సరిపోవాలి, తయారుచేసినవాళ్లు అమ్మే ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి, కవరు మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు ఉండాలి. 2025 జులై 1 నుంచి ఈ వివరాలు క్యూఆర్ కోడ్‌లోనో బార్‌కోడ్‌లోనో ఇచ్చే వీలు కూడా వచ్చింది, కాబట్టి కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి పేరు వస్తోందో లేదో అక్కడికక్కడే చూడండి. సర్టిఫికెట్ కాపీ, పక్కా బిల్లు ఇవ్వనివాడి దగ్గర కొనొద్దు. ఇంకో సంగతి, సర్టిఫికెట్ ఉన్న కవరు కూడా మామూలు మట్టిలో వేస్తే కరిగిపోదు, దానికి పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండే వేడి కావాలి. అందుకే ఇది కూడా తాత్కాలికమే అనుకోండి.

గుడ్డ సంచిలా కనిపించే నాన్‌వోవెన్ సంచులతో కూడా జాగ్రత్త. బట్టల షాపుల్లో ఇచ్చే రంగురంగులవి. దగ్గరగా పెట్టుకుని చూస్తే నేత ఉండదు, ఒంటి నిండా సూదిమొనంత చుక్కల అచ్చు ఉంటుంది, అంచున లాగితే దారం పోగు రాదు, పీచులా ఊడుతుంది, అగ్గిపుల్ల దగ్గర పెడితే బట్టలా కాలకుండా ముడుచుకుని కరుగుతుంది. అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే.

ఆకులు, కాగితం ఎంతవరకు

పొడి కూరలకి, వేపుళ్లకి, చపాతీలకి అరటాకు, మోదుగాకు విస్తరి, వక్కమట్టతో చేసిన దొన్నెలు బాగా పనికొస్తాయి. అరటాకులు కేఆర్ మార్కెట్లో తెల్లారుజామున కట్టలుగా దొరుకుతాయి. ఆకుని పొయ్యి సెగ మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే మెత్తబడి చిరగకుండా మడత పడుతుంది. న్యూస్‌పేపర్‌లో మాత్రం బజ్జీలు కూడా కట్టకండి, ఆహార ప్యాకింగ్ మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ఇచ్చిన నిబంధనల ప్రకారం అది నిషేధం, అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది.

పప్పు, సాంబారు, రసం, పెరుగు మాత్రం ఆకులో ఆగవు. మన వ్యాపారంలో సగం అవే.

స్టీలు డబ్బా, డిపాజిట్

20 లీటర్ల నీళ్ల క్యాను గురించి ఆలోచించండి. మొదటిసారి డిపాజిట్ కడతాం, ఖాళీ క్యాను ఇస్తే నిండు క్యాను ఇస్తాడు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డబ్బు వెనక్కి తీసుకుంటాం. గ్యాస్ సిలిండరూ అంతే. బెంగళూరులో ఈ పద్ధతి తెలియని మనిషి లేడు, కాబట్టి కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. మీ కస్టమరుతో కూడా ఇలాగే చెప్పండి: "నీళ్ల క్యాను లాగే బాబూ." నాకు పది నిమిషాలు పట్టే వివరణ ఆ ఒక్క మాటతో అయిపోతోంది.

మేం ఒక్కో సెట్టులో మూడు డబ్బాలు పెట్టాం. సాంబారుకీ రసానికీ క్లిప్పుల మూత, లోపల సిలికాన్ రింగు ఉన్నది ఒకటి, పప్పుకీ కూరకీ మామూలు బిగుతు మూతవి రెండు. చిక్‌పేట వైపు హోల్‌సేల్‌లో కొంటే మాకు సెట్టు రెండొందల ఎనభై పడింది. డిపాజిట్ రెండొందల యాభై తీసుకుంటున్నాం. అంటే కస్టమరు సెట్టు తిరిగి ఇవ్వకపోయినా నాకు పోయేది ముప్పై రూపాయలే. ఆ డిపాజిట్ డబ్బు మీది కాదు, తిరిగి ఇవ్వాల్సింది. విడిగా ఒక డబ్బీలో పెట్టండి, కూరగాయలకి చాలలేదని అందులో చెయ్యి పెట్టకండి. పీజీ పిల్లలు నెలాఖరుకి ఒకేసారి ఖాళీ చేసి డబ్బు అడుగుతారు, అప్పుడు "రేపు రా" అంటే ఆ మాట పీజీ మొత్తానికి పాకుతుంది.

ప్రతి డబ్బా మీదా, మూత మీదా కొట్టు పేరు, నంబరు కొట్టించండి. స్టీలు సామాను మీద పేరు కొట్టించడం మనకి కొత్తేం కాదు కదా, కొన్న షాపులోనే చేసిస్తారు. నంబరు వల్ల ఎన్ని బయట ఉన్నాయో తెలుస్తుంది. కానీ ఫలానా డబ్బా ఫలానా మనిషిదే అని పెట్టుకోకండి, మేం మొదట అలా చేసి రాత్రి ఎనిమిదింటికి రద్దీలో నంబర్లు వెతుక్కుంటూ నలిగిపోయాం. ఖాళీ సెట్టు ఇచ్చినవాళ్లకి కడిగి సిద్ధంగా ఉన్న ఏ సెట్టయినా ఇవ్వడమే. పుస్తకంలో రాసుకోవాల్సింది డిపాజిట్ కట్టిన రోజు, తిరిగి తీసుకున్న రోజు, అంతే.

మాంసం డబ్బాలు మాత్రం విడిగా ఉంచండి. చికెన్, చేపల పులుసు పోసేవాటికి మూత మీద ఎర్ర చుక్క పెట్టించాం. శాకాహారులకి ఇది పెద్ద విషయం, ఒక్కసారి పెరుగులో చేపల వాసన వచ్చిందంటే ఆ మనిషి మళ్లీ రారు, రాకపోవడం న్యాయమే.

అందరికీ ఒకేసారి మొదలుపెట్టకండి. రోజూ వచ్చే ముప్పై మందిని ఎంచుకుని వాళ్లతో ఒక నెల నడపండి. మనిషికి రెండు సెట్లు ఉండాలి, ఒకటి వాళ్లింట్లో, ఒకటి మన దగ్గర కడిగి ఆరుతూ. మేం డబ్బా తెచ్చినవాళ్లకి ఐదు రూపాయలు తగ్గిస్తున్నాం, ఇంటి నుంచి గిన్నె తెచ్చుకుంటే కూడా అంతే. ఐదు కవర్లు, రబ్బరుబ్యాండ్లు కలిపి మాకు మూడు రూపాయల పైనే అయ్యేది, కాబట్టి పైన పడేది రెండు రూపాయల లోపే, అది నాకు భారం అనిపించలేదు. సొంత గిన్నెలో పోసేటప్పుడు గరిటె గిన్నెకి తగలకూడదు, పైనుంచి పోయాలి. కొలత గరిటె వాడితే "తక్కువ పోశారు" అన్న గొడవ కూడా రాదు.

కడగడం

నిజమైన పని ఇక్కడే ఉంది, తేలిగ్గా తీసుకోకండి. మూడు తొట్లు పెట్టండి. మొదటిదాంట్లో మిగిలింది గీకేసి నీళ్లతో తొలవడం, రెండోదాంట్లో సబ్బు, మూడోదాంట్లో చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో ముంచి తీయడం. సిలికాన్ రింగు ప్రతిసారీ ఊడదీసి కడగాలి, దాని గాడిలో రసం మిగిలితే మర్నాటికే పులిసిన వాసన వస్తుంది. గుడ్డతో తుడవొద్దు, వంపు స్టాండు మీద బోర్లించి ఆరనివ్వండి. మాకు ఇందుకు మధ్యాహ్నం రెండు గంటలు ఒక మనిషి కావాల్సి వచ్చింది, ఆవిడ జీతం కవర్ల ఖర్చు కన్నా కొంచెం ఎక్కువే. ఈ తేడా దాచిపెట్టి "అంతా లాభమే" అని మీకు చెప్పలేను. కానీ కవర్లకి పెట్టే డబ్బు చెత్తబండిలోకి పోయేది, ఇప్పుడది మా సందులో ఉన్న ఒక ఇంటికి వెళ్తోంది.

యాప్ ఆర్డర్లు, పచ్చళ్లు, ఫంక్షన్లు

యాప్‌లో వచ్చే ఆర్డర్లకి డబ్బా తిరిగి రాదు, అక్కడ ఇంకా పార్శిల్ డబ్బాలే వాడుతున్నాం. స్పూన్లు మాత్రం అడిగితే తప్ప పెట్టం, పెట్టినా చెక్కవే. మన చుట్టూ రెండు కిలోమీటర్ల లోపు రోజూ ఆర్డరు పెట్టేవాళ్లు ఎవరో చూసి, ఫోన్ చేసి, స్టీలు సెట్టుకి మార్చుకోండి.

పచ్చళ్లకి గాజు సీసాలు మేలు. సీసా తిరిగి తెస్తే ముప్పై రూపాయలు అని లేబుల్ మీదే రాయండి. మనం కొనే ప్లాస్టిక్ డబ్బాల విషయంలో కేంద్రం రూల్ ఒకటి తెలుసుకుంటే మంచిది. 2022 ఫిబ్రవరి 16న ఇచ్చిన మార్గదర్శకాల్లో, గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో సరుకు అమ్మే బ్రాండ్ల వాళ్లు కొంత శాతం డబ్బాలని మళ్లీ వాడాలని పెట్టారు: 0.9 నుంచి 4.9 లీటర్ల లోపు వాటికి 2025-26లో 10 శాతం, 2028-29 నాటికి 25. అంతకన్నా పెద్దవాటికి 70 శాతంతో మొదలై 85 దాకా. మనం నెలనెలా కొనే 5 లీటర్ల నూనె క్యాను ఈ పెద్దవాటి లెక్కలోకే వస్తుంది. అందుకే నేను మా నూనె డీలర్ని "ఖాళీ క్యాన్లు కంపెనీ వెనక్కి తీసుకుంటుందా" అని ప్రతి నెలా అడుగుతున్నాను. మీరూ అడగండి, అడిగేవాళ్లు ఎక్కువైతేనే ఆ మాట పైదాకా వెళ్తుంది.

ఫంక్షన్ ఆర్డరు వస్తే స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకి తెమ్మని వాళ్లకి ముందే చెప్పండి. బెంగళూరులో అదమ్య చేతన సంస్థ ప్లేట్ బ్యాంకు నడుపుతోంది, ఫంక్షన్లకి స్టీలు సామాను ఇస్తారు, వాడి కడిగి తిరిగి ఇవ్వాలి. బల్ల మీద ప్లాస్టిక్ షీటు బదులు కాగితం రోల్ పరవండి. కొట్టు ముందు ఫ్లెక్సు ఉంటే అది కూడా తీసేసి రేకు మీద పేరు రాయించండి.

చెత్తబండి దగ్గర

2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఈ ఊరికంతా ఒకే పద్ధతి పెట్టింది, ఆకుపచ్చ బుట్టలో తడి చెత్త, ఎర్ర బుట్టలో డైపర్లు, ప్యాడ్ల లాంటివి, పొడి చెత్తకి ఒక సంచి. బండివాళ్లు హసి కస అంటే తడిది, ఒణ కస అంటే పొడిది. ఈ రెండు మాటలు పనిలోవాళ్లకి నేర్పండి.

మా సందుకి వచ్చే బండిలో చిత్తూరు వైపు పెద్దావిడ ఒకామె ఉంటుంది. ఒకరోజు ఎవరో పారేసిన రసం కవరు చేతిలోకి తీసుకుంది, సగం రసం అలాగే ఉంది, ముడి గోటితో విప్పబోయింది, వేడికి ముడి అతుక్కుపోయి రాలేదు. బ్లేడుతో కోసి, రసం తడి చెత్తలో వంపి, కవరు వెలుతురుకి ఎత్తి చూసి ఎర్ర బుట్టలో పడేసింది. "ఇది ఎవురూ కొనరమ్మా, నూనె పట్టింది. పాల కవరైతే కడిగి ఇయ్యి, దానికి రేటుంది" అంది. ఆ చేతులకి గ్లవ్స్ లేవు. ఆ కవరు మా కొట్టుదే కావచ్చు. ఆ సాయంత్రమే మా ఆయనతో డబ్బాల మాట మొదటిసారి అన్నాను.

మీ దగ్గర మిగిలే పార్శిల్ డబ్బాలు, పాల కవర్లు, నూనె క్యాన్లు కడిగి ఆరబెట్టి పొడి చెత్త సేకరణ కేంద్రానికే ఇవ్వండి, వార్డుల్లో ఉంటాయి.

తనిఖీకి వచ్చినప్పుడు

2025 సెప్టెంబరులో పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మారతహళ్లి వైపు ఈస్ట్ కార్పొరేషన్. ఆఫీసు పేరు మారింది కానీ రూల్స్ మారలేదు. ఎవరైనా వస్తే ముందు ఐడీ కార్డు చూడండి, మీ సామాను బిల్లులు, సర్టిఫికెట్ కాపీలు ఒక ఫైల్లో పెట్టి కౌంటరు దగ్గరే ఉంచండి, జరిమానా కడితే రసీదు తీసుకోకుండా కదలనివ్వకండి. మైక్రాన్ల గురించి వాదించొద్దు, పైన చెప్పాను కదా, ఆ వాదన ఇక్కడ నిలవదు. పర్యావరణ పరిరక్షణ చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి జైలు శిక్ష బదులు 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ పెట్టారు, కాబట్టి "మహా అయితే ఓ ఐదొందలు" అనుకుని పాత స్టాకు అటక మీద దాచుకునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి.

ఇక కొనడానికి వెళ్లేటప్పుడు ఒక్కటి చూసుకోండి. వంద డబ్బాలు కొంటే మూతలు నూట ఇరవై, సిలికాన్ రింగులు నూట యాభై అడిగి తీసుకోండి. మాకు ఈ రెండేళ్లలో డబ్బాలు పోయినవి పదకొండే, మూతలు మాత్రం ముప్పై నాలుగు.